పాత బంగళాలో చదువుతున్న గొంతు

ములకలపల్లి దాటి రోడ్డు అడవిలోకి తిరిగే చోట ఒక పాత బంగళా ఉంది. పైకప్పు సగమే ఉంది, తలుపులు అసలే లేవు. చీకటి పడ్డాక దాని ముందునుంచి పోతే పోయారు గానీ, లోపల్నుంచి ఎవరైనా పిలిస్తే మాత్రం పలకొద్దంటారు. పలికితే ఏమవుతుందో ఎవరూ చెప్పరు. "పోయినోడు తిరిగొస్తే గదా చెప్పేది!" అని చాయ్ హోటల్ దగ్గర నవ్వుతారు... నవ్వి, ఓసారి వెనక్కి చూసుకుంటారు.

ఆ బంగళా దగ్గర నాగచైతన్యకు జరిగిన సంగతి ఇది. విన్నది విన్నట్టే.

నాగచైతన్యది మధిర. బ్యాంకు ఉద్యోగం మీద ఇక్కడికొచ్చి కిరాయి గదిలో ఒక్కడే ఉంటున్నాడు. వారమంతా అందరికీ అతను "సారు". పేరు పెట్టి పిలిచేది ఆదివారం పూట పుస్తకాల గుంపు ఒక్కటే. రిటైరైన సీతారావమ్మ టీచర్ ఇంటి వరండాలో చాప పరుచుకుని, ఈ ప్రాంతపు చరిత్ర మీదో, ఆచారాల మీదో వచ్చిన పుస్తకం నెలకొకటి చదివి మాట్లాడుకుంటారు. ఉండేది ఒక్క కాపీ. వంతులవారీగా ఇల్లిల్లూ తిరుగుతుంది.

చిక్కల్లా ఒకటే. మనవాడు పుస్తకం చదవడు. చదువుదామనే కూర్చుంటాడు పాపం! రెండో పేజీకల్లా పుస్తకం ముఖం మీద ఉంటుంది, మనిషి గురక పెడుతుంటాడు. అయినా ఇన్ని నెలలూ నెట్టుకొచ్చాడు— వెనక అట్ట చదివి, మాట్లాడేవాళ్లకు తలూపి, చివర్లో "చాలా లోతైన పుస్తకమండీ" అని.

మొన్న ఆ మాట అననే అన్నాడు. మందుల షాపు కోటేష్ ఊరుకోలేదు.

"ఎంత లోతన్నా? మోకాళ్ల దాకనా, మెడ దాకనా?"

అందరూ నవ్వారు, సీతారావమ్మ తప్ప.

"వచ్చే ఆదివారం నువ్వే మాట్లాడు బాబూ. లదేణి అధ్యాయం చెప్పు. చదవనివాళ్లకు ఈ చాప మీద చోటు లేదని ముందే అనుకున్నాం కదా."

లదేణి అంటే పాతకాలంలో లంబాడీలు ఎద్దుల మీద ఉప్పూ ధాన్యం వేసుకుని అడవులు దాటిన ప్రయాణం. నాగచైతన్యకు అదీ తెలియదు. పుస్తకమేమో అతని వంతు దాటిపోయి, తండాలో ఉండే సరళ చేతికెళ్లింది. ఆ చాప కూడా పోతే ఆదివారం ఎక్కడికి పోవాలి? ఎవరితో మాట్లాడాలి?

శనివారం సాయంత్రం దాకా మొహమాటపడి, చివరికి తండాకు బండి తీశాడు. బంగళా ఉన్న మూలమలుపు దగ్గరికొచ్చేసరికి చీకటి పడింది. సరళను ఎలా బతిమాలాలో ఓసారి అనుకుని చూసుకుందామని ఆపాడు. ఇంజన్ ఆగింది. అడవంతా నిశ్శబ్దం.

అప్పుడు వినిపించింది...

"...లదేణిలో ముందు నడిచే ఎద్దు ఆగిపోయింది. ఉప్పు బస్తాలతో దాని వెనక ఎద్దులన్నీ ఆగిపోయాయి. దారికి అడ్డంగా... పులి."

ఆడగొంతు. సన్నగా— బంగళా లోపల్నుంచి.

లదేణి అధ్యాయం!

పారిపోదామంటే పులి సంగతి తెలియకుండా పోతుంది. దెయ్యం చదువుతోందని భయం... మధ్యలో ఆపేస్తుందేమోనని అంతకన్నా భయం.

వంగి వంగి వెళ్లి కిటికీ కింద చేరాడు. చేతిలో సెల్ ఒక్కసారి వెలిగింది. ఆ వెలుగులో ముందుగది నేలంతా— పచ్చగా మెరిసే కళ్లు. జంటలు జంటలుగా. అన్నీ అతన్నే చూస్తున్నాయి.

సెల్ జేబులో కుక్కి, కళ్లు మూసుకున్నాడు.

లోపలి గదిలో గొంతు ఉన్నట్టుండి మారింది. పడుచుగొంతు కాస్తా... ముసలిదైపోయింది.

"అప్పుడు కోడలు ఏం జేసింది? నెత్తి మీది బుట్ట దించి, పిడికెడు కారం తీసి పులి మూతి మీద కొట్టింది. పులి తుమ్మింది. మల్ల తుమ్మింది. తుమ్ముకుంట తుమ్ముకుంట వాగు దాటి పోయింది."

ఎక్కడో చిన్న గంట మోగింది.

"ఇంకా వినాల్నా?" అంది మళ్లీ పడుచుగొంతు.

చిన్నప్పటి అలవాటు. కథ వింటుంటే నోరు ఆగదు. "ఊఁ..." అనేశాడు.

పలికేశాడు!

చెవి పక్కనే ఎవరో గుసగుసగా అన్నారు— "మరి లోపలికి రా."

బండి ఎలా తీశాడో అతనికే తెలియదు. గదికొచ్చి చూసుకుంటే ఒక చెప్పు లేదు.

మర్నాడు చాప మీద నాగచైతన్య మాట్లాడుతుంటే వరండా అంతా చెవులప్పగించింది. ఎద్దులు, ఉప్పు బస్తాలు, అడవి దారి... సీతారావమ్మ కూడా కళ్లజోడు తీసి వింటోంది.

"...అంతటి పులి, ఆ కారం దెబ్బకు తుమ్మిందండీ!"

"ఏందన్నా?" అన్నాడు కోటేష్.

"తుమ్మింది. తుమ్ముకుంటూ వాగు దాటింది."

సరళ తెచ్చిన పుస్తకం సీతారావమ్మ తిప్పింది. "పులి ఉంది గానీ తుమ్ము లేదు బాబూ. మంట చూసి వెళ్లిపోయిందని ఉంది."

సరళ చున్నీ నోట్లో కుక్కుకుంది. ఇక ఆగలేక సంచిలోంచి ఒక చెప్పు తీసి చాప మీద పెట్టింది.

"నీదేనా అన్నా? మేకపిల్ల నోట్లకెంచి గుంజుకొచ్చిన."

అంతా బయటపడింది. సరళ 'నానీ' అని పిలిచే ఆమె అమ్మమ్మ బాలి తన మేకలను చీకటి పడ్డాక కూడా కాసేపు ఆ బంగళాలోనే ఉంచుతుంది. ఇంట్లో టీవీ మోతకు పుస్తకం వినబడదని సరళ అక్కడే లోపలి గదిలో సెల్ వెలుగులో చదివి వినిపిస్తుంది. వరండా మెట్టు మీద తమలపాకు నములుతూ కూర్చున్న బాలి చేయి ఊపింది.

"తుమ్మింది నిజమే బిడ్డా. ఆ కోడలు మా అత్తనే. పుస్తకంల ఎయ్యలేదని నేనే జెప్పిన."

వరండా ఘొల్లుమంది. నాగచైతన్య తల దించుకుని చెప్పు అందుకున్నాడు. లేవబోయాడు.

"కూర్చో చైతన్యా" అంది సీతారావమ్మ, ఈసారి నవ్వుతూ. "నిద్రపోకుండా ఒక అధ్యాయం విన్నావు, అది చాలు. వచ్చే శనివారం నుంచి బాలికి నువ్వే చదివి వినిపించు. అదే నీకు శిక్ష."

అతని ముఖం వెలిగింది. కూర్చున్నాడు.

"చదువుతానండీ. కానీ సరళా, ఊఁ అన్న పాపానికి చెవి దగ్గరికొచ్చి 'లోపలికి రా' అని అంత భయపెట్టాలా?"

సరళ నవ్వు ఆగింది.

"ఆ ఊఁ నానీదే అనుకున్న. ఆ పిలిచింది... నానీ, నువ్వు మేకపిల్లను పిలిచినవ్ గదా?"

బాలి నమలడం ఆపింది.

"నేనా? నువ్వు పిలిచినవనుకున్న."

కోటేష్ మెల్లగా జరిగి, నాగచైతన్య చెవిలో అడిగాడు—

"అన్నా... శనివారం చదివేది నువ్వే గదా?"