పందొమ్మిదో చీల

ఆ క్వారీలో చీకటి పడ్డాక మూడో గుంటలోకి ఎవరూ దిగరు. రాయి లోపల ఎవరో గోటితో గిల్లినట్టు టిక్... టిక్... అని వినిపిస్తుందట. ఆ చప్పుడు చెవితాతదంటారు. బతికున్నప్పుడు రాయికి చెవి ఆనించి అది ఎప్పుడు పగులుతుందో చెప్పేవాడు. ఒకరోజు చెప్పేలోపే మీద పడింది. ఇప్పటికీ అక్కడే కూచుని వింటున్నాడని లారీలవాళ్లు చెప్పగా విన్నమాట.

పెద్దమేస్త్రికి దెయ్యాలంటే భయం లేదు. ఆయన బాధల్లా బావమరిదితోనే.

వాడికి సమ్మెట పట్టడం నేర్పింది తను. బొబ్బలెక్కిన చేతులకి నూనె రాసింది తను. అలాంటిది, ఇల్లంత నల్లరాయి బయటపడగానే యజమాని ఇరవై ఏళ్ల మేస్త్రిని పక్కనపెట్టి దాన్ని వాడికి అప్పగించాడు. తిన్నగా చీలిస్తే మేస్త్రి పని కూడా వాడికేనన్నాడు. వాడికి చెవి ఉందట. అన్నం పెడుతూ భార్య కూడా తమ్ముడి చెవి గురించే మురిసిపోయింది. ఆయన కంచం తోసేసి లేచాడు.

బావమరిది ఆ రాయికి నడుం ఎత్తున వరసగా పందొమ్మిది బెజ్జాలు వేసి, ఒక్కోదాంట్లో ఉక్కు చీల బిగించాడు. అన్నిటికీ సమానంగా దెబ్బలేశాడు. ఇక తెల్లారేదాకా వదిలెయ్యాలి. మిగతా పని రాయే చూసుకుంటుంది.

"రాయి ఒక్కసారిగా పగలదు బావా," అన్నాడు ఆ సాయంత్రం. "ముందు లోపల రేణువుకీ రేణువుకీ మధ్య కంటికి ఆనని బీటలు పుడతాయి. ఒక్కోటి పుట్టినప్పుడు టిక్కుమంటుంది. అవి ఒకదాన్నొకటి వెతుక్కుని కలిసేదాకా మనకి టైముంది. చప్పుళ్లు దగ్గరపడ్డాయా, ఇక అక్కడ ఉండకూడదు."

"రాళ్లకి జాతకాలు కూడా చెప్తావేంట్రా?" అన్నాడు మేస్త్రి. అందరూ నవ్వారు. బావమరిదీ నవ్వాడు. అది ఆయనకి ఇంకా మండింది.

ఆ రాత్రి మేస్త్రి చెయ్యి జారకుండా సమ్మెట పిడికి తన తువ్వాలు చుట్టి గుంటలోకి దిగాడు. చివరి చీలకి నాలుగు దెబ్బలు ఎక్కువ పడితే చాలు — పగులు దారి తప్పుతుంది. రాయి వంకరగా పోతుంది. ఆ చెవి సంగతేంటో అందరికీ తెలిసొస్తుంది.

ఒకటి. రెండు. మూడు. నాలుగు.

ఆగి విన్నాడు. ఏమీ లేదు. కాసేపటికి... టిక్.

"బీటలే," అని తనకి తనే చెప్పుకున్నాడు. టిక్... టిక్... అప్పుడు కనిపించింది. గుడ్డి వెన్నెల్లో, వరసకి అటు చివర, రాయికి చెవి ఆనించి గొంతుక్కూచున్న మనిషి. తలకి గుడ్డ — బావమరిది కట్టుకునేట్టే.

వినడానికి వచ్చినట్టున్నాడు. అయితే తన దెబ్బలూ విన్నాడన్నమాట.

టిక్, టిక్, టిక్.

దగ్గరపడుతున్నాయి. కేకేస్తే లేచి పారిపోతాడు. కేకెయ్యకపోతే...

మేస్త్రి నోరు తెరవలేదు. ఎంతోసేపు కాదు — మూడు టిక్కులంతసేపు.

తర్వాత సమ్మెట పారేసి పరిగెత్తాడు. "లేవరా," అంటూ భుజం పట్టుకోబోయాడు. చేతికి చల్లటి రాయి తగిలింది. మనిషి లేడు. వెనక పిడుగు పడ్డట్టయింది.

పడుతూ లేస్తూ బావమరిది ఇంటికి పోయి తలుపు బాదాడు. వాడు ఒళ్లు కాలిపోతున్న కూతుర్ని భుజాన వేసుకుని తీశాడు. పాపకి జ్వరమనీ, సాయంత్రం నుంచి గడప దాటలేదనీ చెప్పాడు. "నువ్వు గుంటలో లేవా?" అని మేస్త్రి రెండుసార్లు అడిగాడు.

తెల్లారాక చూస్తే అటు చివర చిన్న పెచ్చు కూడా రాలలేదు. విరిగి పడింది ఇటు చివర — సరిగ్గా తను నిలబడి కొట్టిన చోట. పడ్డ ముక్క కింద నుంచి సమ్మెట పిడి, దాని తువ్వాలు బయటికి కనిపిస్తున్నాయి.

ఆ తువ్వాలు ఎవరిదో బావమరిదికి తెలుసు. కాలితో మట్టి తోసి కప్పేశాడు. యజమానితో, "లెక్క నాదే తప్పింది," అన్నాడు. మేస్త్రి పని మేస్త్రికే ఉండిపోయింది.

అందరూ వెళ్లాక వాడు గొంతు తగ్గించి అడిగాడు.

"అక్కడ కూచున్నది నేననుకున్నావు కదూ బావా."

"ఊఁ."

"చూడగానే వచ్చావా?"

ఇద్దరి మధ్యా పడున్న రాతిముక్కలోంచి... టిక్.