వీధి చివర ఆగిన చుక్క

"మా కుర్చీ ఇప్పుడెక్కడుందో చూపించండి," అంది పళ్ల డాక్టరమ్మ ఫోన్లో.

"నా ఎదురుగానే ఉందండీ. పాలిష్ ఆరింది, బయల్దేరుతున్నా," అన్నాడు వడ్రంగి.

"అలా కాదు. షాంపూ సీసా ఎక్కడిదాకా వచ్చిందో కూడా మ్యాపులో కనిపిస్తుంది. నానమ్మ కోసం నెల్లాళ్లు ఆగి చేయించుకున్న కుర్చీ కనిపించదా?"

"కుర్చీకి ఫోనుండదు కదండీ!"

"మీకుందిగా?"

అతగాడు తన లొకేషనే పంపాడు. ఇంటిల్లిపాదీ ఫోను చుట్టూ మూగి, నీలం చుక్క రావడాన్ని మగపెళ్లివారు దిగుతున్నంత హడావుడిగా చూశారు. కుర్చీ దిగింది. డాక్టరమ్మ దాని చేతిని తడిమి "ఎంత నున్నగా ఉందో!" అనేసరికి, అతను చెవులదాకా ఎర్రబడి, మంచినీళ్లయినా తాగకుండా పారిపోయాడు.

చుక్క మాత్రం ఫోన్లో ఉండిపోయింది. పాపం, ఆపడం మర్చిపోయాడనుకున్నారు. చూడటం తప్పని తెలుసు. కానీ అలవాటు చెడ్డది.

"మూడు దాటినా భోజనానికి లేవలేదు. కడుపు పాడవదూ?" అనేవాడు నాన్న.

"ఆస్పత్రి దగ్గర ఆగాడే! జ్వరమేమో కనుక్కో," అనేది నానమ్మ.

"ఆ పక్కనే మేకుల కొట్టుంది నానమ్మా," అని డాక్టరమ్మ ఫోను లాక్కునేది. అదెలా తెలుసని అడుగుతారేమోనని ఆమె భయం.

చిక్కల్లా సాయంత్రాలతోనే. చుక్క రోజూ వీధి చివరిదాకా వచ్చేది, కాసేపు ఆగేది, వెనక్కి పోయేది.

"ఇదేం సర్వీసే! గుమ్మందాకా రాకుండానే రిటర్నా?" అని ఒకరోజు నాన్న మండిపడ్డాడు. "మొన్న నిన్ను చూసి వెళ్లిన ఇంజినీరు సంబంధం వాళ్లకి ఇవాళ మాటివ్వాలి. నీ మనసులో ఏముందో చెప్పు."

ఆమె మనసులో ఉన్నవాడు వీధి చివరే ఉన్నాడు. అతను నోరు విప్పకపోతే తను మాత్రం ఏమని చెబుతుంది? బయట వాన మొదలైంది. చుక్క కదల్లేదు. ఫోను నానమ్మ ఒళ్లో పడేసి, చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తింది.

"ఏం చేస్తున్నారిక్కడ?"

తడిసి ముద్దయిన వడ్రంగి ఉలిక్కిపడ్డాడు. "కుర్చీ కాళ్లు ఊగుతున్నాయేమో చూద్దామని..."

"రోజూనా? లొకేషన్ ఆపడం మర్చిపోయారు, తెలుసా?"

"మర్చిపోలేదండీ. ఎక్కడున్నావని అడిగేవాళ్లెవరూ లేరు నాకు. మీరడిగారు. కుర్చీ కోసమేననుకోండి. అయినా ఆపబుద్ధి కాలేదు. మీరంటే నాకు చాలా ఇష్టం."

ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "ఈ ఒక్క ముక్క చెప్పడానికి ఇన్ని సాయంత్రాలా? నాకూ ఇష్టమే!"

అంతలో అతని ఫోను మోగింది. "మీరే చేస్తున్నారు," అన్నాడు, ఎదురుగా నిలబడ్డ ఆమెను చూసి బిత్తరపోతూ.

అవతల నాన్న. "బాబూ, మా అమ్మాయి వచ్చిందా? ఈ మ్యాపులో నువ్వొక్కడివే కనిపిస్తున్నావు."

"వచ్చారండీ."

"చెప్పావా లేదా?" వెనకనుంచి నానమ్మ కేక.

"చెప్పానండీ."

"అదేమంది?"

డాక్టరమ్మ ఫోను లాక్కుంది. "సరేనన్నాను నానమ్మా!"

"అమ్మయ్య! ఇంజినీరు వాళ్లకి నేను చెప్పుకుంటాలే," అన్నాడు నాన్న. "ముందు అల్లుణ్ణి ఇంటికి తీసుకురా, తడిసిపోతున్నాడు."