కోకో కొట్టం పిలిచిన పేరు

“‘స్నేహితురాలి కడుపులో రహస్యం, చిల్లికుండలో నీళ్లు’ అని మా అమ్మమ్మ ఊరికే అన్లేదే! ఎవరికి చెప్పావు, మార్వా?” నిలదీసింది కెజాయా.

“మీ అమ్మమ్మని కుండలు చేసుకోమను. నేనెవరికీ చెప్పలేదు.”

“మరి కొట్టంలోంచి నా పేరు పిలుస్తోంది ఎవరు... మీ తాతా?”

ఆ కొట్టం సంగతి, ట్రినిడాడ్ కొండల్లో ఉన్న ఆ ఊళ్లో పాలు తాగే పిల్లకి కూడా తెలుసు. ఒకప్పుడు అందులో కోకో గింజలు ఎండబోసేవాళ్లట. తోట పాడుబడ్డాక, పొద్దుగూకితే అటు కుక్క కూడా పోదు. బాప్తిస్మం కాకుండానే చచ్చిపోయిన పిల్లలు అక్కడుంటారట. పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయట. పాపం వాళ్లకి పేర్లుండవు... మన పేర్ల కోసమే కాచుకుని ఉంటారట. పేరు దొరికితే ఆ మనిషి గొంతూ రూపూ ఎత్తుకొస్తారట.

అందుకే ఆ ఊళ్లో ప్రతి బిడ్డకీ రెండు పేర్లు. ఒకటి బళ్లో. ఇంకోటి బాప్తిస్మం నాడు అమ్మమ్మ చెవిలో ఊదేది. ఆ రెండోది ఆరుబయట పలకరు, ఎవరికీ చెప్పరు. ఈ ఇద్దరూ మాత్రం పదేళ్లప్పుడే ఒకరి చెవిలో ఒకరు చెప్పేసుకున్నారు. ప్రాణస్నేహం మరి!

ఇప్పుడు వరసగా మూడు సాయంత్రాలు... కొట్టంలోంచి... “ఎలోడీ...” అని కెజాయా రెండో పేరు వినిపిస్తోంది. అదీ అచ్చం మార్వా గొంతుతో.

“అయితే పద,” అంది కెజాయా. “నా చెయ్యి పట్టుకునే ఉండు. నువ్వు నా పక్కనుండగా పిలుపొస్తే పిలిచేది నువ్వు కాదని నమ్ముతా. రాలేదా— అది నువ్వే; రేపట్నించి నీ దారి నీది, నా దారి నాది.”

వెళ్లారు.

తుప్పు పట్టిన రేకుల కప్పు. కింద నల్లటి చీకటి. కెజాయా రెప్ప వెయ్యకుండా మార్వా పెదాలే చూస్తోంది. అవి కదల్లేదు.

“ఎలోడీ...”

కెజాయా చేతిపట్టు బిగించింది. మార్వా మాత్రం... ఈల వేసింది!

దూలం మీంచి ఒక పచ్చటి చిలక టపటపా వచ్చి ఆమె భుజమ్మీద వాలింది.

“నువ్వు ఆ కొత్త పిల్ల షరీస్‌తో తిరగడం మొదలెట్టావుగా,” అంది మార్వా, తల దించుకుని. “నాకెవరున్నారు? ఇక్కడికొచ్చి దీనికి రొట్టె పెట్టేదాన్ని. ఆ పేరెట్టి నిన్ను తిట్టుకునేదాన్ని. మనుషులెవరికీ చెప్పలేదే, ఒట్టు!”

“చిలక్కి చెప్పావా, దొంగమొహమా!” కెజాయాకి నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి. ఆమెని గట్టిగా వాటేసుకుంది. మార్వా జేబులోంచి రొట్టెముక్క తీసి చిలక నోట్లో పెట్టింది.

చిలక నోటినిండా రొట్టె.

అప్పుడు... కొట్టం లోపలి నుంచి... మెల్లగా...

“సెలెస్టీన్...”

ఈసారి కెజాయా గొంతు.

మార్వా కెజాయా చెయ్యి వదిలేసింది. “అది నా రెండో పేరు,” అంది గుసగుసగా. “చిలక్కి చెప్పలేదు. నీకొక్కదానికే చెప్పాను.”

“నేనెవరికీ చెప్పలేదే, ఒట్టు!”

ఇందాక తను నమ్మని మాటే ఇది. ఇప్పుడు తన నోటే వచ్చింది.

మార్వా ఒక్కొక్క అడుగే వెనక్కి వేసింది. కెజాయా మొహం వైపు చూడలేదు. మెల్లగా... ఆమె పాదాల వైపు చూసింది.

చెప్పండి, మీరైతే ఎటు చూస్తారు?