ఒకటో నంబరు

ఆ కొండమీది గదికి మంచి పేరు లేదు. ఒకప్పుడది వాతావరణ ఆఫీసువాళ్ళ వైర్‌లెస్ గది. అక్కడి ఆపరేటరు, టిక్కుటిక్కుమని సందేశాలు కొట్టే మోర్స్ మీట మీద వేలుంచే ప్రాణం వదిలాడట. ముప్ఫై ఏళ్ళయింది. పట్టపగలు అటు తొంగిచూడనివాళ్ళు కూడా, రాత్రిళ్ళు టిక్కుటిక్కు వినబడుతుందని ఒట్టేసి చెబుతారు.

అలాంటి గదికి మన పళ్ళ డాక్టరు రేడియో మోసుకుని ఒంటరిగా ఎందుకెళ్ళాడయ్యా అంటే — బావమరిది మీద కసి!

సరదాకి రేడియోలో మాట్లాడుకునేవాళ్ళ హామ్ రేడియో పోటీ అది. అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రి దాకా, నోటిమాటతోనో మోర్స్‌తోనో ఎవరు ఎక్కువ మందిని పలకరిస్తే వాళ్ళకి షీల్డు. నాలుగేళ్ళుగా అది బావమరిదిదే. అత్తగారు దాన్ని భోజనాల బల్లకి సరిగ్గా ఎదురుగా పెట్టించింది. ఆ ఇంట్లో డాక్టరుకి ముద్ద దిగడం ఎప్పుడో మానేసింది. ఊళ్ళో ఉంటే మోటార్ల గరగరంతా రేడియోలోకి దూరుతుంది కనక, దెయ్యమైనా నయమనుకుని కొండెక్కాడు.

ఈ పోటీలో పలకరించిన ప్రతిసారీ, అది తనకి ఎన్నో పలకరింపో ఆ నంబరు చెప్పాలి. రాత్రి పదకొండున్నరకి బావమరిదే తగిలాడు.

"మూడువందల పన్నెండు, బావా!"

డాక్టరు పళ్ళు నూరాడు. తనదీ మూడువందల పన్నెండే. ఇంకొక్కటి... ఒక్కటి దొరికితే!

పదకొండూ యాభై ఎనిమిది. రేడియో ఉన్నట్టుండి మూగబోయింది. గాలి కూడా ఆగింది. అప్పుడు —

టిక్... టిక్ టిక్... టిక్...

తొందర లేని చెయ్యి. డాక్టరు ఎగిరి గంతేసినంత పనిచేసి, తన నంబరు మూడువందల పదమూడని కొట్టాడు. నీదెంత?

"ఒకటి."

"రోజంతా పడుకుని ఇప్పుడు లేచాడెవడో కుంభకర్ణుడు!" అని నవ్వుకుంటూ, అవతలివాడి కాల్‌సైన్, అంటే రేడియోలో వాడి గుర్తింపు పేరు, పలకరింపులు రాసుకునే లాగ్ పుస్తకంలో ఎక్కించాడు. పన్నెండయింది. సర్దుకుందామని రేడియో వెనక్కి చెయ్యి పెట్టాడు.

ఏరియల్ తీగ ఊడి, నేలమీద పడి ఉంది.

తీగ లేకుండా... ఎవరు పలికినట్టు? స్విచ్చి ఆపాడు. రేడియో ఆగింది. టిక్కుటిక్కు ఆగలేదు.

కొండ ఎలా దిగాడో ఆయనకే తెలీదు. రేడియో వదిలేశాడు, చెప్పులు వదిలేశాడు. లాగ్ పుస్తకం మాత్రం వదల్లేదు.

బహుమతుల రోజున, హాలు నిండా జనం ఉండగా, మూడువందల పన్నెండు దగ్గరే ఆగిపోయిన బావమరిది లేచాడు.

"బావ చివర రాసిన ఆ కాల్‌సైన్ ఆయన పోయి ముప్ఫై ఏళ్ళయిందండీ! బావ దొంగలెక్క రాశాడు."

న్యాయనిర్ణేత పెద్దాయన కళ్ళజోడు సవరించుకున్నాడు. "ఇతను రాసుకుంటే చాలదు. అవతలివాడి లాగ్‌లోనూ ఉండాలి."

డాక్టరు తలకాయ వేలాడేశాడు. షీల్డు సరే, పరువు కూడా పోయేట్టుంది.

"ఉంది," అన్నాడు పెద్దాయన. "టపాలో వచ్చింది. మొత్తం ఒక్కటే వరుస. టైముతో సహా సరిపోయింది. షీల్డు డాక్టరుదే!"

చప్పట్లు మోగాయి. డాక్టరు షీల్డును గుండెకి హత్తుకున్నాడు. కళ్ళు చెమర్చాయి పాపం. అప్పుడు పెద్దాయన, మైకు ఆపడం మరిచి, డాక్టరు చెవిలో గొణిగాడు.

"లాగ్ పంపినవాళ్ళందరికీ సర్టిఫికెట్టు ఇవ్వాలి కదా... ఆయనది విజేత చేతే పంపమని రాశాడు నాయనా. పగలొద్దట. రాత్రయితే... గదిలోనే ఉంటాడట."

డాక్టరు ఒక్క దూకులో వెళ్ళి షీల్డును బావమరిది ఒళ్ళో పడేశాడు.

"నీదేరా! అందరి ముందూ ఒప్పుకుంటున్నా, విజేతవి నువ్వే!"

నాలుగేళ్ళుగా ఆ షీల్డు మీద ఈగని కూడా వాలనివ్వని బావమరిది, దాన్ని రెండు చేతులా వెనక్కి తోశాడు.

"తప్పు బావా... న్యాయంగా గెలిచారు. మీరే వెళ్ళిరండి."