ఆమోదం చెప్పే గొంతు

ఆ ఉదయం పది నలభైకి సెంటర్‌కి ఫోన్ చేసిన మనిషి చనిపోయి అప్పటికి తొమ్మిది రోజులైంది.

ఇంటెలిజెన్స్ డిపార్ట్‌మెంట్ పెద్దాయన రికార్డింగ్ ఆపాడు. బల్లకి ఇవతల నిలబడ్డ ఏజెంటు కదల్లేదు. డిపార్ట్‌మెంట్‌లో అతన్ని అందరూ కంపౌండరు అంటారు. మొదటి మిషన్‌లో ఆరు నెలలు ఒక ఆసుపత్రిలో మందుచీటీలు చదువుతూ గడిపాడు. అప్పట్నుంచీ ఆ పేరు అతుక్కుపోయింది.

"మళ్లీ వేయండి సార్."

"హలో, లైన్ టెస్టింగండీ. నా గొంతు సరిగ్గా వినిపిస్తోందా?" చివర్లో చిన్న పొడి దగ్గు.

ఆ దగ్గు కంపౌండరుకి ముప్పై అయిదేళ్లుగా తెలుసు. పక్క మంచం మీంచి విన్న దగ్గది. సొంత తమ్ముడిది.

"సిస్టమ్ గుర్తుపట్టిందా?"

"తొంభై తొమ్మిది శాతం," అన్నాడు పెద్దాయన.

తమ్ముడు వైద్య పరికరాల సెంటర్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. కొత్త పాలసీ ప్రకారం దేశంలో ప్రతి ఐసీయూలో మందు ఎక్కించే పంపు, డోసు ఎంత దాటకూడదో ఒకే సెంట్రల్ సర్వర్‌ని అడిగి తెలుసుకుంటుంది. అలాంటి పంపులు పదకొండు వేలు. ఆ లిమిట్ మార్చాలంటే ఒకే ఒక్క మనిషి ఫోన్లో తన గొంతుతో ఆమోదం చెప్పాలి. ఆ మనిషి తమ్ముడు.

రెండు నెలల కిందట కంపౌండరే అతనికో పని అప్పజెప్పాడు. "మీ సెంటర్ నుంచి ఎవరో ఫైళ్లు బయటికి పంపుతున్నార్రా. కాస్త కన్నేసి ఉంచు." తమ్ముడు కన్నేశాడు. రోడ్డు దాటుతుంటే ఒక వ్యాన్ గుద్దింది. నంబరు లేని వ్యాన్.

"లిమిట్లు మార్చే అప్‌డేట్ విండో ఇవాళ మూడింటికి మూసుకుంటుంది," పెద్దాయన గొంతు తగ్గించాడు. "క్యూలో ఉన్న ఫైలు మార్చేశారు. లిమిట్ పది రెట్లు పెంచారు. మూడింటిలోపు ఆ గొంతు ఆమోదం చెబితే చాలు, అమల్లోకి వస్తుంది. నర్సు వేలు జారినా అలారం మోగదు. ఆసుపత్రుల్ని ఎలా బందీ పట్టొచ్చో కొనేవాళ్లకి చూపించడానికి ఇది శాంపిల్."

"ఫైలు తీసేయండి."

"విండోకి ఒక రోజు ముందే క్యూ లాక్ అయిపోతుంది. మీ తమ్ముడు పెట్టిన రూలే."

"సర్వర్ ఆపేయండి."

"ఫోన్ లైనూ, పంపులూ అన్నీ దాని మీదే. ఆపితే నడుస్తున్న పంపులన్నీ ఆగిపోతాయి."

"అయితే వాడి పేరు తీసేయండి!"

"ఏడుగురు సంతకాలు పెట్టాలి. కమిటీ మంగళవారం కూర్చుంటుంది."

"ఈరోజు శుక్రవారం సార్."

"కమిటీ తేదీ చూసుకుని రావాలని చావుకి తెలీదు కదయ్యా." పెద్దాయన ఒక చీటీ ముందుకి తోశాడు. "అత్తరు పంపింది. కళ్లజోళ్ల షాపు పైన, మూడో అంతస్తు."

అత్తరు మూడేళ్లుగా, ఈ ఫైలు మార్చిన విదేశీ ముఠాలో ఉంది. వాళ్ల జీతం, మన జీతం రెండూ తీసుకుంటుంది. ఆమె వెళ్లిపోయాక కూడా గదిలో వాసన మిగిలిపోతుంది కాబట్టి ఆ పేరు. ఆమె నిజంగా ఎవరి పక్షమో నమ్మకంగా చెప్పగలిగింది పెద్దాయన ఒక్కడే.

* * *

రెండూ ముప్పై ఒకటి. ఖాకీ చొక్కా, భుజాన ఏసీ మెకానిక్ సంచీ, చెవిలో చెవిటి మిషన్. దాని లోపల పెద్దాయన గొంతు. కంపౌండరు మెట్లెక్కాడు.

తలుపు తీసింది అత్తరు. ముదురు నీలం పట్టుచీర, ఎత్తు మడమల చెప్పులు.

"గ్యాస్ నింపాలా, ఫిల్టరు మార్చాలా?" అడిగాడు.

"ముందు ఫిల్టరు."

కోడ్ సరిపోయింది. లోపల డబ్బింగ్ స్టూడియో. గోడలకి నల్లటి స్పాంజి. మనిషి ఊపిరి కూడా అతని దగ్గరే ఆగిపోయే గది. బూడిదరంగు సూటు వేసుకున్న ఒకడు గడియారం చూసుకున్నాడు. వీధిలో వాళ్లకి అతను డబ్బింగ్ డైరెక్టరు. అతని తెలుగు వ్యాకరణ పుస్తకంలోంచి దిగినట్టుంది.

"త్వరగా పని ముగించండి. మూడు గంటలకు మాకు రికార్డింగు కలదు."

"కరెంటు మీటర్ ఎక్కడుందో మీరే చూపించండి," అత్తరు నవ్వుతూ అతన్ని వరండాలోకి తీసుకెళ్లింది. చిన్న సెంటు సీసా బుస్సుమంది. ఏదో బరువైనది నేలకి ఒరిగింది.

ఆమె సీసాకి మూత పెడుతూ తిరిగొచ్చింది. "రెండు గంటలు లేవడు. కానీ మెషీన్‌కి వీడితో పని లేదు. మూడింటికి రెండు నిమిషాల ముందు దానంతటదే ఫోన్ చేస్తుంది."

"ప్లగ్గు పీకేస్తే?"

"ఇది ఆగిందని తెలియగానే ఇంకో దేశంలో ఉన్న నకలు మాట్లాడుతుంది."

గాజు గోడ అవతల, రికార్డింగ్ గదిలో మేజా మీద ఒక నల్లటి పెట్టె, పక్కన మైకు. పచ్చ లైటు వెలుగుతోంది. కంపౌండరు దాన్నే చూస్తూ అడిగాడు. "మా తమ్ముడి గొంతు వీళ్లకెలా దొరికింది?"

అత్తరు తల తిప్పేసుకుంది. "నీ ఫోన్లోంచి. పన్నెండేళ్ల వాయిస్ మెసేజ్‌లు, ఒక్కటి కూడా డిలీట్ చెయ్యలేదు నువ్వు. కాపీ చేసి ఇమ్మన్నారు. ఇవ్వకపోతే నన్ను అనుమానిస్తారు. ఎందుకో నాకు తెలీదు. ఒట్టు."

అతనేదో అనబోయాడు. పెట్టెలోంచి డయల్ టోన్ వినిపించింది.

రెండూ యాభై ఎనిమిది.

"అధికారి నంబరు, ఆమోద వాక్యం చెప్పండి," అంది సెంటర్ యంత్రం.

"నాలుగు, సున్నా, ఏడు," అన్నాడు తమ్ముడు. చిన్నగా దగ్గాడు.

చెవిలో పెద్దాయన అరిచాడు. "లైన్లో రెండో గొంతు వినపడితే కాల్ పడిపోతుంది! బెదిరించి చెప్పిస్తున్నారేమోనని పెట్టిన ఏర్పాటు. ఇరవై సెకన్లు ఆగకుండా మాట్లాడాలి. మైకు దగ్గరికి వెళ్లు!"

కంపౌండరు గాజు తలుపు తోసుకుని మైకు ముందు వంగాడు. ఏం మాట్లాడాలి?

"ఒరేయ్."

పెట్టె ఒక్క క్షణం ఆగింది. "అన్నయ్యా? నువ్వెప్పుడొచ్చావ్?"

అత్తరు గోడకి ఆనుకుంది.

"ఆ పని నీకు చెప్పకుండా ఉండాల్సిందిరా. భయమేస్తోందని రెండుసార్లు ఫోన్ చేశావు. మొదటిసారి ధైర్యం చెప్పి పెట్టేశాను. రెండోసారి ఎత్తలేదు. మీటింగూ లేదు, ఏమీ లేదు. ఊరికే ఎత్తలేదు."

"పర్లేదన్నయ్యా. నువ్వు బిజీగా ఉంటావని తెలుసు."

తమ్ముడు బతికుంటే అచ్చం అదే మాట అనేవాడు. అందుకే ఆ మాట కత్తిలా దిగింది.

"పర్లేదు అనకు. తిట్టరా. ఒక్కసారి తిట్టు."

"నిన్నెందుకు తిడతాను?"

"నీ కూతురు రోజూ గుమ్మంలో కూర్చుంటోంది. దానికేం చెప్పను?"

పెట్టె జవాబు వెతుక్కుంటోంది. పన్నెండేళ్ల మెసేజ్‌లలో ఆ ప్రశ్న ఎక్కడా లేదు.

"రెండవ గొంతు గుర్తించబడింది. ఆమోదం రద్దు."

లైన్ తెగింది. పెట్టె వెంటనే మళ్లీ డయల్ చేసింది. ఒక రింగు. రెండో రింగు. మూడో రింగు మధ్యలో సెంటర్ యంత్రం పలికింది. "విండో మూసివేయబడింది."

సరిగ్గా మూడు. పదకొండు వేల పంపులు పాత లెక్క ప్రకారమే బొట్టు బొట్టుగా మందు ఎక్కిస్తున్నాయి. వాటి కింద పడుకున్న వాళ్లెవరికీ ఏమీ తెలియదు.

"పెట్టె జాగ్రత్తగా పట్టుకురా. అదే సాక్ష్యం," అన్నాడు పెద్దాయన.

అత్తరు ప్లగ్గు మీద చెయ్యేసింది. "తీసెయ్యనా?"

"అన్నయ్యా," అంది పెట్టె, ఎవరూ ఏమీ అడక్కుండానే. "తిన్నావా?"

కంపౌండరు పొద్దుట్నుంచీ మంచినీళ్లు కూడా ముట్టలేదు.

"తిన్నాన్రా," అన్నాడు. అత్తరు చెయ్యి పక్కకి తప్పించి తనే ప్లగ్గు పీకాడు.

మెట్లు దిగుతుంటే ఆమె అంది, "నన్ను క్షమించమని అడగను."

"అడగకు. నేనిప్పుడు అడిగొచ్చాను. క్షమించేస్తే ఇంకా కష్టంగా ఉంటుంది."

* * *

సాయంత్రం ఎవిడెన్స్ గదిలో గుమాస్తా రిజిస్టరు తెరిచాడు.

"వస్తువు?"

"గొంతు."

గుమాస్తా ఇరవై ఏళ్లుగా ఆ కుర్చీలో ఉన్నాడు. దేనికీ తలెత్తే అలవాటు లేదు. "ఎన్ని?"

"ఒకటి."

"కండిషన్?"

"పనిచేస్తోంది."

రాసుకుని, రసీదు చింపి ఇచ్చాడు. "కేసు అయ్యాక యజమాని స్వయంగా వచ్చి సంతకం పెట్టి తీసుకెళ్లాలి. అన్నదమ్ములొస్తే కుదరదు. కాస్త ఆయనకి చెప్పండి."

"చెబుతాను," అన్నాడు కంపౌండరు.