తుపాకీ మడమలో పేరు

పోలీసుల లెక్కలో అది ప్రమాదం. రిటైరైన మేజర్ ల్యూడి, పాత ఆయుధాలు సేకరించే సరదా ఉన్న మనిషి, ఇంట్లో తుప్పు పట్టిన కార్బైన్ తుపాకీ ఒకటి బాగుచేస్తుండగా అందులో మిగిలిపోయిన గుండు పేలి చనిపోయాడు.

"గుండు కాదు," అన్నాడు యోస్ట్ ఆబెగ్లెన్.

తూన్ సరస్సు ఒడ్డున ఆపిన కారులో కూర్చుని ఉన్నారు ఇద్దరూ. స్టీరింగ్ వెనక గూఢచారి శాఖ కర్నల్ ఫ్యూగ్లి సాసేజ్ తింటున్నాడు. యోస్ట్ చేతిలో ఫొటో ఉంది. కాలిన బల్ల, బోర్లాపడిన మేజర్, ఆయన పిడికిట్లో వెడల్పు అంచు స్క్రూడ్రైవర్.

"ఎందుకు కాదు?"

"మన దేశంలో మీసాలు మొలిచిన ప్రతివాడూ తుపాకీ చేతికి రాగానే ముందు బోల్ట్ లాగి, లోపల గుండుందేమో చూస్తాడు. మేజర్ చూడలేదంటే నేను నమ్మను."

"నేనూ నమ్మలేదు. ల్యూడి ఒక ముఠా వెనక పడ్డాడు. తూర్పు దేశపు వాళ్ళు. పాత ఆయుధాల సంతలో కొట్టు పెట్టి తుపాకీలు అమ్ముతారు, మళ్ళీ కొంటారు. ఏదో చేతులు మారుతోంది. ల్యూడి చచ్చాక ఆ కేసు నా నెత్తిన పడింది."

"వాళ్ళ తుపాకీ ఒకటి ఎక్స్‌రేకి పంపితే?"

"మన ఆఫీసులో ఎవడో వాళ్ళకి కబుర్లు మోస్తున్నాడు. అందుకే నువ్వు. సంతకెళ్ళు, వాళ్ళ దగ్గర ఒకటి కొను, నీ సెలవులో నీ సరదా నువ్వు తీర్చుకుంటున్నట్టు బాగుచెయ్యి. ముఠా లోపల మన మనిషి సొలాంజ్ ఉంది. ఏది కొనాలో చెప్తుంది."

యోస్ట్ ఫొటో తిరిగిచ్చాడు. ఆ స్క్రూడ్రైవర్ గురించి ఏదో అడగాలనిపించింది. నాలుక మీద నాణెం పెట్టుకున్నట్టు ఇనుప రుచి తగిలింది. భయం అతనికి ఎప్పుడూ అలాగే నోట్లో మొదలవుతుంది. అడగలేదు. కళ్ళు చూసినదాన్ని అతని మనసు అప్పుడప్పుడు అతనికే చెప్పకుండా దాచిపెడుతుంది, పిల్లలకి చెడ్డ కబురు దాచినట్టు.

"నీకు భయంగా ఉందా?" అన్నాడు కర్నల్.

"ఉంది."

"మంచిది. ధైర్యవంతులు ఏదీ సరిగ్గా చూడరు."

*

సంతలో సొలాంజ్ ముదురాకుపచ్చ కోటు వేసుకుని, చలికి ఎర్రబడ్డ బుగ్గలతో తుపాకీల వెనక నిలబడి ఉంది. జెనీవా యాస. ఆమె నవ్వితే పక్క కొట్టువాడు చిల్లర తప్పు లెక్కపెట్టాడు.

"ఇది ఏ పాకలో దొరికింది?" అన్నాడు యోస్ట్. అది సంకేతం.

"ఆవు చచ్చిన పాకలో," అంది. అది జవాబు.

1911 నమూనా కార్బైన్. ఒళ్ళంతా తుప్పు, భుజానికి ఆనించే మడమ మీద ఎండి గట్టిపడిన పేడ. పక్కన నిలబడ్డ ముసలాయన నోరు చప్పరించాడు. "మన దేశంలో తుపాకీ ఇంత తుప్పు పట్టిందంటే దాని వెనక ఒక చావైనా ఉండాలి, ఒక విడాకులైనా ఉండాలి."

చుట్టూ ఉన్నవాళ్ళతో పాటు యోస్ట్ కూడా నవ్వాడు. ఇనుప రుచి పోలేదు.

*

అతని పనిగది అపార్ట్‌మెంట్ కింద, యుద్ధం వస్తే తలదాచుకోవడానికి కట్టిన కాంక్రీట్ గదిలో. ఇక్కడ ప్రతి ఇంటి కిందా ఉన్నట్టే. దాని తలుపు మూరెడు మందం, తెరిచే ఉంటుంది. దాన్ని ఆనుకుని కింది అంతస్తు ఎగ్గిమన్ గారి బంగాళాదుంపల పెట్టెలు. ఎదురుగా ఇంట్లో అందరూ వంతులవారీగా వాడే బట్టలుతికే యంత్రం. శనివారం ఎగ్గిమన్ గారి వంతు. ఆ రోజు వేరే ఎవరైనా అటు తొంగిచూస్తే ఆవిడ చూపుకే సగం బట్టలు ఆరిపోతాయి.

యోస్ట్ పని మొదలుపెట్టాడు. మొదట బోల్ట్ లాగి చూశాడు, ఖాళీ. కిరోసిన్‌లో నానబెట్టాడు. రాగి నాణెం అంచుతో పొక్కులు గీకాడు. వాననీళ్ళలో ఉడకబెడితే తుప్పు నల్లబడింది. దాన్ని మెత్తటి బ్రష్‌తో దులిపితే కింద మేఘం రంగు ఉక్కు కనిపించింది. వాల్‌నట్ చెక్కకి పడిన సొట్టల మీద తడిగుడ్డ వేసి ఇస్త్రీ పెట్టె ఆనిస్తే చెక్క ఊపిరి పీల్చుకున్నట్టు పైకి లేచింది. ఆ గంటల్లో మాత్రం భయం ఉండేది కాదు. చేతులకి పని ఉంటే భయానికి కూర్చోడానికి చోటు దొరకదు.

బ్యారెల్‌లో ఏమీ లేదు. మేగజీన్‌లో ఏమీ లేదు. బల్ల మీద వాసెలిన్ డబ్బా ఉంది, మూత నొక్కితే వీధిలో రొట్టెల వ్యాన్‌లో కాపు కాస్తున్న కర్నల్ మనుషులిద్దరికి కబురు వెళ్తుంది. దాన్ని రోజూ ఒకసారి ముట్టుకుని చూసేవాడు.

సొలాంజ్ రోజూ వచ్చేది, గిరాకీని పలకరించడానికి వచ్చిన కొట్టుమనిషిలా.

"పేరు చూడలేదేం?" అంది మొదటి రోజే.

ఇక్కడి సిపాయి తన తుపాకీ మడమకి బిగించిన రేకు కింద చిన్న చీటీ పెడతాడు, పేరూ ఊరూ రాసి. సేకరించేవాళ్ళు ఏ తుపాకీ కొన్నా ముందు ఆ రేకే విప్పుతారు. చంటిబిడ్డ ఇంటికొస్తే ముందు ముఖం చూసినట్టు.

"నేను చివర్న చూస్తాను."

"అందరూ ముందు చూస్తారు కదా!"

"ఒకసారి ముందే చూశాను. ఆ ఊరికి ఫోన్ చేస్తే ఆయన భార్య ఎత్తింది. 'మా ఆయనది ఎలా ఉంది' అని అడిగింది. తుప్పు పట్టిందని చెప్పాల్సొచ్చింది. ఏడ్చింది. అప్పటినుంచి శుభ్రం చేశాకే పేరు చూస్తాను. కనీసం బాగుందని చెప్పొచ్చు."

సొలాంజ్ చాలాసేపు అతన్నే చూసింది. ఆ చూపులో జాలి ఉంది. జాలి అతనికి ఎందుకో నచ్చలేదు.

"అయితే కర్నల్‌ని పిలుద్దాం," అంది. "ఆయనకీ ఇదే పిచ్చి కదా. శనివారం ముగ్గురం కలిసి చూద్దాం."

*

శనివారం మధ్యాహ్నం కర్నల్ పొగగొట్టాలు శుభ్రం చేసేవాడి వేషంలో వచ్చాడు. నల్లటి బట్టలు, భుజాన చీపురు, ముఖం నిండా మసి. మెట్ల దగ్గర ఎగ్గిమన్ గారు అడ్డు తగిలింది.

"మొన్ననే కదయ్యా శుభ్రం చేశారు?"

"మళ్ళీ చెయ్యమన్నారమ్మా."

"ఎవరు? ఎంత తీసుకుంటున్నారు? సరే ఉండు, ముందు నీ భుజం ముట్టుకోనీ, అదృష్టమంటారు." ముట్టుకుని, వేలికంటిన మసి చూసుకుని, తడిబట్టల బుట్టతో కదిలింది.

కింద కర్నల్ చేతులు కడుక్కుని కార్బైన్ని ఎత్తి చూశాడు. "ఒరేయ్ యోస్ట్, నువ్వు తప్పు ఉద్యోగంలో ఉన్నావురా." మడమ దగ్గర పేడ మాత్రం ముట్టుకోకుండా వదిలేసి ఉంది. "ఇదేంటి, ముఖం కడిగి కాళ్ళు వదిలేశావ్?"

"పేరు చివర్న, కర్నల్ గారూ."

"అయితే నేనే విప్పుతా. ఆ వెడల్పుది ఇలా ఇవ్వు."

యోస్ట్ స్క్రూడ్రైవర్ అందించి, మడమ ఆయనవైపు తిప్పి తుపాకీని ఒడిలో పట్టుకున్నాడు. నోట్లో నాణెం. ఎందుకో తెలీదు. అంతా సవ్యంగానే ఉంది.

"అబ్బ, చలి," అంది సొలాంజ్. లేచి తలుపువైపు వెళ్ళింది. "కాస్త దగ్గరగా వేస్తాను."

మొదటి స్క్రూ ఊడి బల్ల మీద దొర్లింది. కర్నల్ రెండోదాని మీద పేడ గీకి, అంచు ఆనించి తిప్పాడు. సగం తిరిగింది. యోస్ట్ ఒళ్ళో పరిచిన తెల్లగుడ్డ మీద పొడి రాలింది.

నారింజ రంగు పొడి.

వారం రోజులుగా అతని గోళ్ళ కింద ఉన్న తుప్పు కాఫీపిప్పి రంగు. ఎన్నో చలికాలాలు తిన్న తుప్పు అలాగే ఉంటుంది. నారింజ రంగుది మొన్న పుట్టింది, ఉప్పునీళ్ళు చల్లి పెంచింది. ఈ స్క్రూలని ఎవరో ఈమధ్యే విప్పారు. విప్పి, తుప్పు పట్టించి, పైన పేడ మెత్తారు.

వెనక పెట్టెలు నేల మీద గీరుకున్న చప్పుడు. ఈ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ వేయని తలుపు. చలికి తలుపు వేసేవాళ్ళు లోపలికి వచ్చి వేస్తారు. ఆమె అడుగులు బయటికి వెళ్ళాయి.

అప్పుడు ఫొటో కళ్ళముందుకొచ్చింది. బోల్ట్ చూడ్డానికి స్క్రూడ్రైవర్ అక్కర్లేదు. మేజర్ విప్పింది మడమ రేకు.

"ఆపండి!"

రెండు అరచేతులూ రేకు మీద వేసి అదిమాడు. అప్పటికే ఒకవైపు గోరు పట్టేంత లేచింది. లోపలినుంచి ఏదో అతని చేతిని తోస్తోంది, మెల్లగా, జబ్బుపడ్డ జంతువు ఊపిరిలా. స్ప్రింగు. రేకు పూర్తిగా లేస్తే పేలేది.

తలుపు ధప్పుమని మూసుకుంది. ఆ చప్పుడు చెవుల్లో కాదు, పళ్ళలో వినిపించింది.

కర్నల్ ముఖం మీద మసి ఉంది, మసి కింద రంగు లేదు. "డబ్బా," అన్నాడు గుసగుసగా. మూత నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. ఆ గోడలు బాంబుల కోసం కట్టినవి. రేడియోకి దారివ్వలేదు.

"స్క్రూలు బిగించండి."

"నా చెయ్యి వణుకుతోందిరా."

"నాదీ వణుకుతోంది. ఆ వణుకుతోనే బిగించండి."

కర్నల్ దొర్లిన స్క్రూ కోసం బల్ల మీద తడిమాడు. యోస్ట్ కళ్ళు మూసుకున్నాడు. ఇన్నాళ్ళూ భయం తన వెనక నడిచే మనిషని అనుకున్నాడు. ఇప్పుడది తన అరచేతుల కింద ఉంది, దాన్ని తనే పట్టుకుని ఉన్నాడు. వదిలితే పోతుంది, తనతో సహా. చెమటకి రేకు జారుతోంది. బొటనవేలు వంకర్లు పోతోంది. స్క్రూ మర ఎక్కలేదు, పక్కకి పోయింది. మళ్ళీ పెట్టాడు కర్నల్. ఈసారి ఎక్కింది. తోపు ఆగింది. రెండోది కూడా బిగిసింది.

యోస్ట్ చేతులు తీయలేదు. తీయమని తను చెప్తున్నా అవి వినలేదు.

తలుపు కిర్రుమంది. సందులోంచి వెలుగూ, ఎగ్గిమన్ గారి గొంతూ ఒకేసారి వచ్చాయి.

"తలుపు వేసింది ఎవరని అడుగుతున్నాను! నా దుంపల్ని బట్టల యంత్రం మీదికి తోసి! నువ్వీ ఇంట్లో అద్దెకుంటున్నావా? లేదు కదా? మరి నా శనివారం నీకిక్కడేం పని?" సొలాంజ్ మణికట్టు ఆవిడ సబ్బు చేతిలో ఉంది. సొలాంజ్ మోచేయి విదిలిస్తోంది. యాభై ఏళ్ళు దుప్పట్లు పిండిన ఆ చేతిలోంచి రావడం లేదు. "ఏమయ్యా ఆబెగ్లెన్, ఈవిడ మీ చుట్టమా?"

"కాదమ్మా," అన్నాడు యోస్ట్. "వదలకండి."

సొలాంజ్ అతన్నీ, అతని చేతుల్నీ చూసి విదిలించడం మానేసింది.

"నాకూ భయమే, యోస్ట్," అంది. "మా తమ్ముడు వాళ్ళ దగ్గర బందీగా ఉన్నాడు. మీరు పేరు ముందే చూసి ఉంటే, మీరొక్కరే పోయేవారు. రేకు విప్పించడానికి ఆయన్ని పిలవాల్సొచ్చేది కాదు."

ఆమె అబద్ధం ఆడటం లేదు. అదే అతన్ని అన్నిటికంటే ఎక్కువ భయపెట్టింది.

*

రొట్టెల వ్యాన్‌లో ఆమెని తీసుకెళ్ళారు. సాయంత్రానికి సైన్యపు బాంబు నిపుణుడు మడమలోంచి సబ్బుబిళ్ళంత పేలుడు మందుముద్ద తీశాడు. దాని వెనక, ముఠావాళ్ళు తీయడం మర్చిపోయిన చీటీ ఉంది. గ్రిండెల్‌వాల్డ్ ఊరి సిపాయి ఒకడి పేరు.

యోస్ట్ ఆ రాత్రి కాకుండా మర్నాడు ఫోన్ చేశాడు. ముసలి గొంతు ఎత్తింది.

"నా తుపాకీయా? ఎలా ఉంది?"

"బాగుంది," అన్నాడు యోస్ట్. "మడమ ఒక్కటి ఇంకా మిగిలుంది."

సోమవారం బట్టల యంత్రం పైన ఎగ్గిమన్ గారి చేతిరాతతో కాగితం వేలాడింది: యుద్ధం వస్తే తప్ప ఈ తలుపు వేయరాదు. కర్నల్ దాన్ని రెండుసార్లు చదివాడు.

"ఈవిడని మన సర్వీసులోకి తీసుకుందామా?"

"రారు, కర్నల్ గారూ. శనివారాలు ఆవిడకి ఖాళీ ఉండదు."