ఫోన్ మీద పడ్డ నింద

కైనాత్ వేసిన గచ్చు నమూనాను పెద్ద హోటల్ వాళ్లు ఎంచుకున్నారన్న కబురు తాండూరు బండల పాలిషింగ్ యూనిట్‌కు చేరగానే, యజమానురాలు కస్తూరమ్మ అందరికీ మిఠాయి పంచింది. ఆ తీపి నోట్లో కరగకముందే కైనాత్ మీద నింద పడింది.

మర్నాడు పొద్దున్నే ఆ పిల్ల వికారాబాద్‌లో డిటెక్టివ్ మార్త ఆఫీసుకు వచ్చి ఏడుపు ఆపుకుంటూ కూర్చుంది.

"నమూనా ఫొటోలు హోటలోళ్లకు పంపుదామంటే ఫోన్ ఆఫీసు కంప్యూటర్ల తెరుచుకోలే, మార్తక్కా. నా ఫోన్ల వైరస్ ఉండి కంప్యూటర్ డ్రైవర్‌ను చెడగొట్టిందన్నడు మేనేజర్ అమర్‌నాథ్. గిసొంటి పిల్లకు హోటల్ పని ఎట్ల ఇస్తమన్నడు. వాళ్లు రేపే వస్తున్నరు. నన్ను పనిలకే రావద్దన్నరు."

ఫోన్‌ను కంప్యూటర్ గుర్తుపట్టడానికి కావలసిన చిన్న ప్రోగ్రామే డ్రైవర్ అని మార్త సహాయకురాలు దీక్షితకు తెలుసు. దాని పేరు చెప్పి ఒకరి కష్టాన్ని లాక్కోవచ్చని మాత్రం తెలియదు. ఆమెకు ఒళ్లు మండింది.

మార్త ఆ ఫోన్‌ను తన కంప్యూటర్‌కు తగిలించింది. ఫొటోలన్నీ ఠక్కున తెరుచుకున్నాయి.

"దీనికి ఏ రోగం లేదు. పాండ్రి, తాండూరు పోదాం."

రైల్లో కిటికీ పక్క సీటు దొరికింది. పెళ్లయి నెల కూడా కాని దీక్షితకు భర్త కట్టిచ్చిన డబ్బాలో నిమ్మకాయ పులిహోర ఉంది. వేరే రోజయితే ఆ రెండింటికే పొంగిపోయేది. ఆ రోజు డబ్బా మూత కూడా తీయలేదు.

యూనిట్‌లో కంప్యూటర్ మీద రాతి దుమ్ము పడకుండా దుప్పటి కప్పి ఉంది. లెక్కలు రాసే వెంకటేశ్వర్ దాన్ని దులిపి తీశాడు.

"మాకాడ ఏది చెడినా ముందు దుమ్మునే తిడ్తం, మేడం. ప్రింటర్ పెట్టాలన్నా అమర్‌నాథ్ సారే వచ్చి పాస్‌వర్డ్ కొట్టాలె. మాకెవ్వరికీ చెప్పడు."

మార్త కైనాత్ వైపు తిరిగింది. "నిన్న ఫోన్ ఎప్పుడు మొరాయించింది?"

"కబురొచ్చినప్పుడు మంచిగనే తెరుచుకుంది, అక్కా. గీ కంప్యూటర్‌కే చార్జింగ్ పెట్టి నమాజ్‌కు పోయిన. వచ్చేసరికి బంద్."

"అప్పుడు ఇక్కడెవరున్నరు?"

"నేనే ఉన్న," అన్నాడు కస్తూరమ్మ పక్కన నిలబడ్డ అమర్‌నాథ్ నవ్వుతూ. "ముట్టనే లేదు. లోపలికి దుమ్ము పోయిందో, వైరసే వచ్చిందో! మీరేమన్న కంప్యూటర్ ఇంజినీరా, మేడం?"

మార్త ఫోన్‌ను ఆ కంప్యూటర్‌కు తగిలించింది. చార్జింగ్ ఎక్కుతోంది, ఫొటోలు మాత్రం రాలేదు. కంప్యూటర్‌కు తగిలించిన పరికరాల జాబితా తెరిచింది. ఫోన్ పేరు పక్కన, కిందికి చూస్తున్న చిన్న బాణం గుర్తు దీక్షిత కంట పడింది.

"కస్తూరమ్మగారూ, అందరినీ పిలవండి," అంది మార్త.

అందరూ చుట్టూ చేరాక చెప్పింది. "దుమ్ము అడ్డం పడితే చార్జింగ్ ఎట్ల ఎక్కుతది? డ్రైవర్ చెడితే పేరు పక్కన పసుపు గుర్తు వస్తది. గిక్కడ బాణముంది. ఎవరో కావాలనే గీ ఫోన్‌ను బంద్ చేసిండ్రు. అట్ల చేయాలంటే పాస్‌వర్డ్ కావాలె. జర కొట్టుండ్రి అమర్‌నాథ్ సార్, మళ్ల చాలూ చేద్దాం."

అమర్‌నాథ్ నవ్వు మాయమైంది. కస్తూరమ్మ ఉరిమి చూస్తుంటే అక్షరాలు తప్పుతూ, చెరుపుతూ కొట్టాడు. బాణం పోయింది. నీలం, పసుపు బండల నమూనా తెరనిండా విచ్చుకుంది.

"ఇన్నేండ్ల నుంచి చాకిరీ చేస్తున్న, అమ్మా," అని గొణిగాడు. "నిన్న గాక మొన్నొచ్చిన పిల్ల పేరు హోటలోళ్లు అడిగితే..."

"అయితే? నమూనా నువ్వేసినవా?" దీక్షిత ఆగలేకపోయింది. "గీ పిల్ల అన్నం గుంజుకుని వైరస్ అంటవా!"

కస్తూరమ్మ కైనాత్ చేయి పట్టుకుంది. "తప్పు నాది కూడా ఉంది, బిడ్డా. చూడకుండనే నిన్ను పొమ్మన్న."

తర్వాత అమర్‌నాథ్ వైపు తిరిగింది.

"రేపు పొద్దున హోటలోళ్ల ముందు బండలు పరిచి చూపించేది కైనాత్. రంగు తేలనీకి వాటి మీద నీళ్లు పోసేది నువ్వు. బకెట్ తెచ్చుకొని జల్ది రా."